మ్యాచ్ 16 నిమిషాలు, పార్కింగ్ అంతకన్నా ఎక్కువ

మా అమ్మాయి ఆడిన మొదటి మ్యాచ్ నేను చూడలేదు. అట్లని చిత్తూరులో షాపులో కూర్చున్నానా అంటే అదీ కాదు. గ్రౌండు గోడకు మూడు సందుల అవతలే ఉన్నాను. లోపల విజిల్ వేయడం వినపడింది. పిల్లల కేకలు వినపడ్డాయి. మధ్యలో ఒకసారి అందరూ కలిసి గట్టిగా అరిచారు. ఆ అరుపు మావాళ్లదో, అవతలి జట్టుదో తెలియదు. అప్పటికి నేను కారు పెట్టుకోవడానికి చోటు కోసం తిరుగుతున్నాను.

మా అమ్మాయి ఆడేది రగ్బీ సెవెన్స్, జట్టుకు ఏడుగురు. ఒక్కో సగం 7 నిమిషాలు. మధ్యలో 2 నిమిషాల విరామం. మొత్తం 16 నిమిషాల్లో ఆట అయిపోతుంది. ఈ లెక్క నాకు ముందే తెలుసు. కానీ దాని బాధ ఏమిటో తిరుపతిలో బాలాజీ కాలనీ సందుల్లో స్టీరింగ్ తిప్పుతూంటే తెలిసొచ్చింది. అదే క్రికెట్ అయితే బండి పెట్టి, టీ తాగి, పక్కవాడి బండికి వెనక నిలబడి 'రానీ, రానీ' అని చెప్పి లోపలికి పోయినా ఇంకా మూడో ఓవరే నడుస్తూంటుంది.

మాది చిత్తూరు. నాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. అమ్మాయి తొమ్మిదో తరగతి. మొదట కబడ్డీ ఆడేది. మా పీఈటీ సార్ కబడ్డీ పిల్లల్లో గట్టిగా పట్టేవాళ్లను ఏరి రగ్బీలోకి దించాడు. మెసానికల్ గ్రౌండులో ఉదయం ఆరుకే ప్రాక్టీసు. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు ఇంట్లో సీరియళ్లు బంద్. చెన్నై బుల్స్ కప్పు కొట్టిన రోజు, హైదరాబాద్ జట్టు కొట్టలేదని మా అమ్మాయి అన్నం సగంలో వదిలేసింది. అంత పిచ్చి. కాబట్టి రాష్ట్ర స్థాయి పోటీలు తిరుపతిలో అనగానే, పోవాలా వద్దా అన్న మాటే ఇంట్లో రాలేదు. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. అదొక ప్రయాణమా అనుకున్నాను.

తేదీలు చూసింది మా అమ్మ. 2025 సెప్టెంబర్ 20, 21. శని, ఆదివారాలు.

"పెరటాశి మొదటి శనివారం రా అది" అనింది.

మా వైపు వాళ్లకు ఇంక వివరం చెప్పక్కర్లేదు. బయటి జిల్లాల వాళ్ల కోసం చెప్తున్నాను. తమిళుల పెరటాశి నెల సెప్టెంబర్ మధ్యలో మొదలవుతుంది. ఆ నెలలో శనివారాలు వెంకటేశ్వరస్వామికి ప్రత్యేకం. చిత్తూరులో మేమూ ఇంట్లో తళిగ (నైవేద్యం) వేసుకుంటాం, పిండి దీపం పెడతాం, నెలంతా నీసు ముట్టం. తమిళనాడు నుంచి ఆ శనివారాలకు జనం కొండకు విరగబడి వస్తారు. పైగా ఆ ఏడు 24వ తేదీ నుంచి బ్రహ్మోత్సవాలు. పోటీలు పెట్టినవాళ్లు క్యాలెండర్‌లో సెలవులు చూసుకున్నట్టున్నారు, పంచాంగం చూసుకోలేదు.

వారం ముందు గదుల కోసం ఫోన్లు మొదలుపెట్టాను. టీటీడీ గదులు ఆన్‌లైన్‌లో నెలల ముందే అయిపోతాయి, ఆ దారి మూసుకున్నట్టే. ప్రైవేటు లాడ్జీలకు చేశాను. ప్రతి ఒక్కరూ ఒకటే ప్రశ్న.

"దర్శనానికా సామీ?"

"కాదు, ఆటలకు. మా పాప రగ్బీ ఆడతాది."

"ఏం ఆట?"

"రగ్బీ."

అవతల కాసేపు నిశ్శబ్దం. "దర్శనం టికెట్ ఎన్ని గంటలకు సామీ?"

తిరుపతి లాడ్జీ నడిచేది యాత్రికుడి గడియారం ప్రకారం. తెల్లారి దిగుతాడు, స్నానం చేస్తాడు, సామాను గదిలో పడేసి కొండెక్కుతాడు, రాత్రికి గుండుతో దిగి నిద్రపోతాడు, పొద్దున ఖాళీ చేస్తాడు. ఇరవై నాలుగు గంటల లెక్క వాళ్లకూ మనకూ సరిపోతుంది. అలా కాకుండా ఉదయం ఏడుకు గ్రౌండు, పదకొండుకు గ్రౌండు, మూడుకు గ్రౌండు, మధ్యలో పిల్ల కాసేపు నడుం వాల్చాలి అంటే వాళ్లకు అర్థం కాదు. చివరికి బస్టాండు దగ్గర ఒక లాడ్జీ ఆయన గదికి 1,500 చొప్పున రెండు గదులు ఇస్తానన్నాడు. ఫోన్‌లోనే వెయ్యి అడ్వాన్సు పంపాను. పార్కింగ్ ఉందా అని అడిగాను. "ముందర పెట్టుకోండి సామీ, ఏం కాదు" అన్నాడు. ముందర అంటే రోడ్డు అని తర్వాత తెలిసింది.

శనివారం తెల్లారి నాలుగున్నరకు బయలుదేరాం. నేను, మా ఆవిడ, అమ్మాయి జట్టులోనే ఆడే ఇంకో పాప వాళ్లమ్మ. ఆమెను మేం అక్కా అంటాం. పెళ్లి వంటలు చేసే బృందంలో పనిచేస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. పిల్లలు శుక్రవారమే సార్‌తో టెంపోలో పోయారు. గాదంకి టోల్ దాటేదాకా రోడ్డు ఖాళీ. చంద్రగిరి దాటాక బంపర్‌కు బంపర్. అన్నీ తమిళనాడు నంబర్లే. వేలూరు, తిరువణ్ణామలై వైపు వ్యాన్లు, నెత్తిన సామాను, కిటికీల్లోంచి పసుపు బట్టలు, గోవింద నామాలు. ముందు రాత్రి వాన పడింది. వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచి ఉంటాయేమోనని ముందు బండి చక్రాలు చూసుకుంటూ దిగాను. ఏడు గంటల పది నిమిషాలకు గ్రౌండు గేటు ముందు ఉన్నాం. మ్యాచ్ ఏడున్నరకు.

గేటు దగ్గర సెక్యూరిటీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"టీం బండ్లే లోపలికి. పేరెంట్స్ బయట పెట్టుకోవాల."

"యాడ పెట్టుకోవాల?"

"బయట."

ఆడవాళ్లిద్దరినీ దించేశాను. అక్కడి నుంచి మొదలైంది నా ఆట. గేటుకు ఎడమ పక్క కోచింగ్ సెంటర్ పిల్లల బైకులు, ఒకదాని మీద ఒకటి ఒరిగి. కుడి పక్క టెంకాయ బోండాల బండి. కొంచెం ముందుకు పోతే ఒక మూసిన షట్టర్ కనపడింది. పెట్టి, దిగి, తాళం కూడా వేశాను. పది అడుగులు వేశానో లేదో ఒక పిల్లాడు తాళంచెవులు ఊపుకుంటూ వచ్చాడు. "అన్నా, షాపు తెరవాలన్నా." తీశాను. ఆ తర్వాత సందులో చెట్టు నీడన చక్కటి చోటు, కారు పొడవుకు కొలిచినట్టు ఉంది. ఎవరూ ఎందుకు పెట్టలేదా అని తల పైకెత్తితే ట్రాన్స్‌ఫార్మర్. కింద నేల మీద ఆయిల్ కారిన నల్ల మరక. వేరేవాళ్లయితే పెట్టి పోయేవాళ్లే. ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నవాణ్ని, దాని కింద నా బండి పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంకో సందు తిరిగితే అపార్ట్‌మెంట్లు. ప్రతి గేటుకూ పాత ఫ్లెక్సీ కోసి 'నో పార్కింగ్, గాలి తీయబడును' అని రాసి కట్టారు. 'తీయబడును' అని ఎంత మర్యాదగా రాశారో చూడండి. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు మీద పడ్డాను, అంతే. అలిపిరి పోయే బండ్ల మధ్య ఇరుక్కున్నాను. ఎడమకు తిరగనివ్వరు, కుడికి తిరగడానికి డివైడర్. నా ముందు బస్సులో వాళ్లు గోవిందా అంటే వెనక బస్సులో వాళ్లు గోవిందా అంటున్నారు. టైం చూస్తే 7:31. ఆ క్షణంలో నేనూ అన్నాను, కానీ భక్తితో కాదు.

యూ టర్న్ తీసుకుని మళ్లీ సందుల్లోకి వచ్చేసరికి ఒక పెద్దావిడ ఇంటి ముందు ముగ్గు వేస్తోంది. గేటు లోపల కారు పట్టేంత జాగా. కారు ఆపి అడిగాను.

"అమ్మా, మా పాప ఆడతా ఉంది లోపల. కాసేపు బండి పెట్టుకోనిస్తారా?"

ఆమె నన్ను చూసింది, కారును చూసింది, ముగ్గును చూసింది. "ముగ్గు మింద ఎక్కించమాకు నాయనా" అని గేటు తీసింది. "పదకొండుకు తీసెయ్యాల. మావోడు డ్యూటీకి పోతాడు." డబ్బులిస్తే తీసుకోలేదు. రెండోసారి ఇచ్చినప్పుడు యాభై తీసుకుంది. ముగ్గు అంచు పక్కన చక్రం అంగుళం దూరంలో పోనిస్తూ కారు లోపల పెట్టి, తాళం వేసి పరుగెత్తాను.

గేటులోకి పోయేసరికి రెండు జట్లూ చేతులు కలుపుకుంటున్నాయి. 12-5తో ఓడారు. మావాళ్ల ఆ ఒక్క ట్రై, అంటే గీత దాటి బంతిని నేలకు ఆనించడం, కొట్టింది మా అమ్మాయే. మా ఆవిడను ఎట్లా కొట్టింది అని అడిగితే, "ఏమో, బంతి వెనక్కి వెనక్కి ఇచ్చుకుంటా ముందుకు పోతారు, చూస్తా ఉంటే కిందపడింది, అందరూ అరిచినారు" అంది. నేను గోడ అవతల విన్న కేక అదే అయ్యుండాలి. అమ్మాయి మోకాలికి మట్టి, మోచేతికి గీరుకున్న రక్తం. నన్ను చూసి "చూసినావా నాయనా?" అంది. చూశానని అబద్ధం చెప్పాను. సాయంత్రం నిజం చెప్పాననుకోండి.

రెండో మ్యాచ్ 10:40కి. గెలిచారు, 17-0. దాన్ని కూడా నేను సగం గడియారమే చూశాను, పదకొండుకు బండి తీయాలి కదా. తీసుకుని లాడ్జీకి పోయాం.

లాడ్జీ సంగతి పొడవుగా చెప్పను. అడ్వాన్సు పంపిన స్క్రీన్‌షాట్ చూపిస్తే, "అది మామూలు రోజుల రేటు సామీ, ఇయ్యాల పెరటాశి శనివారం" అన్నాడు. గది 3,500. వద్దంటే వెయ్యి రాదు, ఎందుకంటే 'గది బ్లాక్ చేసినందుకు సరిపోయింది'. నేను గట్టిగా మాట్లాడాను, ఆయన మెల్లగా మాట్లాడాడు. మెల్లగా మాట్లాడేవాడే గెలిచాడు. బయటికొచ్చి ఎదురుగా టీటీడీ వసతి గదులుండే శ్రీనివాసం వైపు చూశాను. లైను బయటిదాకా ఉంది. అవి దర్శనానికి వచ్చేవాళ్ల కోసం కట్టినవి. ముసలీ ముతకా చంటిపిల్లలతో ఎండలో నిలబడి ఉంటే, రగ్బీ చూడటానికొచ్చిన నేను ఆ వరసలో దూరడం నాకు బాగనిపించలేదు. ఇంకో నాలుగు లాడ్జీలు అడిగాం. ఒకచోట డార్మిటరీలో మంచాలు ఉన్నాయన్నారు, మగవాళ్లకు మాత్రమే.

ఇంక రాత్రికి చిత్తూరు పోయి తెల్లారి మళ్లీ వద్దాం అనుకుంటున్నాం. అప్పుడు అక్క, అంతసేపూ మాట్లాడకుండా మజ్జిగ తాగుతూ ఉన్నది, అంది:

"ఇప్పుడు మహాలయ పక్షాలు గదన్నా. పెండ్లిండ్లు యాడుండాయి? కల్యాణ మండపాలన్నీ బీగాలేసి ఉంటాయి."

నా బుర్రకు అది తట్టలేదు. తట్టదు కూడా, ఆ రోజుల్లో ఆమెకు పని ఉండదు, నాకు ఉంటుంది. భాద్రపదంలో పౌర్ణమి తర్వాత పదిహేను రోజులు పెద్దలకు పెట్టుకునే రోజులు, శుభకార్యం ఎవరూ చెయ్యరు. మర్నాడు ఆదివారమే మహాలయ అమావాస్య. కొండకు జనం పోటెత్తిన ఆ రోజే, ఊరి చుట్టూ వందల మంది పడుకునే చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె ఫోన్ తీసి, తాను వంటకు పోయే ఒక మండపం మేనేజర్‌కు చేసింది. శ్రీనివాస మంగాపురం దగ్గర. అక్కడి కల్యాణ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పెళ్లి చేసుకోవాలని వచ్చేవాళ్లు చాలామంది, అందుకే ఆ చుట్టుపక్కల మండపాలకు కొదవ లేదు.

స్పీకర్‌లో విన్నాం.

"ఏం ఫంక్షనమ్మా?"

"ఫంక్షన్ లేదన్నా. పడుకునేదానికే."

"ఎవరు?"

"ఆడపిల్లోళ్లు, వాళ్ల తల్లిదండ్రులు. ఆటలకొచ్చినారు."

"వంట చేస్తారా?"

"నేనే చేస్తా."

అయిదు వేలు, శుభ్రం చేసేదానికి అయిదు వందలు, కరెంటు వేరే అన్నాడు. మేం అయిదు కుటుంబాలు. పీఈటీ సార్‌కు చెప్తే ఆయన ముఖం వెలిగింది. పిల్లలకు ఇచ్చిన బడిలో రెండు కుళాయిలు, నాలుగు జట్లు. సాయంత్రం మూడో మ్యాచ్ గెలవగానే పిల్లలను, వాళ్లతో ఉన్న మేడంను టెంపోలో ఎక్కించుకుని మా వెనకే వచ్చేశాడు.

మండపం ముందు జాగా చూసి నేను కాసేపు అలాగే నిలబడ్డాను. అరవై కార్లు పట్టే స్థలం. మా అయిదు కార్లు, ఒక టెంపో, ఒక కుక్క. ఎటు కావాలంటే అటు పెట్టుకోవచ్చు. నేను అడ్డంగా పెట్టాను. పొద్దున పడిన బాధకు అదొక తృప్తి.

మేనేజర్ ముందు నన్ను మీటర్ బోర్డు దగ్గరికి తీసుకుపోయాడు. పెళ్లివాళ్లతో చేసినట్టే, దిగేటప్పుడు రీడింగ్, పోయేటప్పుడు రీడింగ్, యూనిట్‌కు 12 రూపాయలు. టార్చి వేసి, అంకెలు చదివి, గోడ మీద సుద్దముక్కతో రాశాడు. పైన అదివరకటి పెళ్లిళ్ల రీడింగులన్నీ సగం సగం చెరిగి ఉన్నాయి. న్యూట్రల్ వైరు లూజుగా ఉందని నేను చెప్పాను. బిగిస్తారా అన్నాడు. బిగించాను. కొత్త పరుపులు రెండు ఇచ్చాడు.

ఆడపిల్లలు పెళ్లికూతురి గదిలో, మగవాళ్లం పెళ్లికొడుకు గదిలో. శ్రావణంలో జరిగిన ఏదో పెళ్లి తాలూకు థర్మాకోల్ అక్షరాలు స్టేజీ మీద ఇంకా ఉన్నాయి. సగం ఊడిపోయి పెళ్లికొడుకు ఎవరో పెళ్లికూతురు ఎవరో తెలియట్లేదు. భోజనాల హాలులో బల్లలు పక్కకు లాగి పిల్లలు బంతి విసురుకోవడం మొదలుపెట్టారు. వరసగా పరుగెత్తుతూ, వెనక్కి వెనక్కి ఇచ్చుకుంటూ. అప్పుడు నాకు మొదటిసారి ఆట అర్థమైంది. బంతి ఉన్నవాడు ముందుంటాడు, సాయం చేసేవాళ్లంతా వెనక ఉండాలి. బంతి ఫ్యానుకు తగిలాక మేనేజర్ వచ్చి అరిచాడు.

అక్క సాంబారు, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం చేసింది. పీఈటీ సార్ పిల్లలకు గుడ్లు ఉంటే బాగుండును అని నసిగాడు. "పెరటాశి సార్" అని ఇద్దరు ముగ్గురు తల్లులు ఒకేసారి అన్నారు. వేరుశనక్కాయలు ఉడకబెట్టి ఇచ్చారు. ఆ రాత్రే ఇంగ్లండులో బ్రిస్టల్‌లో మహిళల రగ్బీ ప్రపంచ కప్ సెమీఫైనల్, ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ. పిల్లలు ఫోన్ చుట్టూ చేరి స్కోరు చూస్తూ కూర్చున్నారు. ఇంగ్లండు 35-17తో గెలిచింది. ఒక పిల్ల, "అక్కడ అమ్మానాన్నలు బండి యాడ పెట్టుంటారు?" అని అడిగింది. నా వైపు చూసి అందరూ నవ్వారు. సాయంత్రం నిజం చెప్పేశానని అన్నాను కదా.

దోమలు మాత్రం ఉన్నాయి. దాచను.

ఆదివారం క్వార్టర్‌ఫైనల్ ఏడు నలభైకి. ఈసారి కార్లు తీయకూడదని తీర్మానం. పిల్లలు టెంపోలో ముందే పోయారు, టెంపోను లోపలికి రానిస్తారు కదా. మేం తిరుపతి పోయే ఆర్టీసీ పల్లెవెలుగు ఎక్కాం. ఆ ఏడు ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తున్నారు. మా బృందంలో ఆడవాళ్లు ఏడుగురు, మగవాళ్లం నలుగురం. కండక్టర్ మా నలుగురి దగ్గరే డబ్బులు తీసుకుని, "మీరు కూడా ఆటలకేనా సార్?" అని నవ్వాడు. ఎం.ఆర్.పల్లిలో దిగి షేర్ ఆటో ఎక్కి ఏడుంపావుకల్లా గ్రౌండులో కూర్చున్నాం. చేతిలో తాళంచెవి లేదు. ఎవరి గేటు ముందూ బండి లేదు. పదకొండు గంటలతో పని లేదు.

7-10తో ఓడారు. ఆఖరి నిమిషంలో అవతలి పిల్ల ఒకతి గీత పక్కగా దూసుకుపోతూంటే మా అమ్మాయి వెనక నుంచి వచ్చి నడుం కింద రెండు చేతులూ చుట్టి పట్టేసింది. ఇద్దరూ గడ్డిలో జారుకుంటూ నా కాళ్లకు ఆరడుగుల దూరంలో ఆగారు. అమ్మాయి లేచి మొదట నా వైపే చూసింది. ఈసారి ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం మంగాపురం వచ్చి మీటర్ చూసుకున్నాం. 31 యూనిట్లు, 372 రూపాయలు. అన్నీ కలిపి కుటుంబానికి 1,175 పడింది. వంట సరుకులు వేరే. లాడ్జీలో పోయిన వెయ్యి మాత్రం నా ఖాతాలోనే రాసుకున్నాను.

దీపావళి అయ్యాక పీఈటీ సార్ మళ్లీ ఫోన్ చేశాడు. నవంబరులో ఇంకో పోటీ, మళ్లీ తిరుపతే అన్నాడు. గ్రౌండు ఎక్కడ, ఎన్ని గంటలకు అని నేను అడగలేదు. నేరుగా మండపం మేనేజర్‌కు చేశాను. గుర్తుపట్టాడు, న్యూట్రల్ బిగించిన సార్ కదా అన్నాడు. తేదీ చెప్పాను.

"ఆ రోజు ముహూర్తం సామీ" అన్నాడు. "నా స్కూటర్ పెట్టుకునేదానికే చోటు ఉండదు."